పాత కోర్సెట్ల కటింగ్, కుట్టుపని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనట్టు చెప్తాను. కోర్సెట్ అంటే ఒకప్పుడు యూరప్ ఆడవాళ్లు నడుము బిగించుకోవడానికి లోపల వేసుకున్న గట్టి దుస్తు. మీరు ఫ్యాషన్ డిజైన్ మూడో సంవత్సరం. నెట్‌లో దొరికిన 1880ల నాటి కోర్సెట్ ప్యాటర్న్ ప్రింట్ తీసి పాప్లిన్‌లో కుట్టారు. నడుము దగ్గర అడ్డంగా ముడతలు పడ్డాయి. వీపు వైపు రెండు ఐలెట్లు (తాడు దూర్చే లోహపు రింగులు) ఊడొచ్చాయి. నడుము బిగియకపోగా బట్టే సాగింది. ఈసారి పద్ధతిగా నేర్చుకోవాలనుంది: ఏ ప్యాటర్న్ కొనాలి, ఏ కాలంతో మొదలుపెట్టాలి, విదేశీ మ్యూజియాలకి వెళ్లలేనివాళ్లకి దారేమిటి?

ఇప్పుడప్పుడే ఇంకో ప్యాటర్న్ కొనకండి. మీ ప్యాటర్న్‌లో పెద్ద తప్పేమీ ఉండి ఉండదు. కాకపోతే ప్యాటర్న్ కాగితం ముక్కల ఆకారం వరకే చెప్తుంది. ఏ ముక్క ముందు కుట్టాలి, ఏది చివర్న తగిలించాలి, ఏ పొర లాగుడంతా మోస్తుంది, ఏ పొర ఊరికే కప్పుతుంది, ఇవేవీ దాని మీద ఉండవు. పాతవాళ్ల కటింగ్ పుట్టిందే ఆ వరస నుంచి, చేతిలో ఉన్న సరుకు నుంచి. అది వదిలేసి ఆకారం ఒక్కటే తీసుకుంటే, వంట రానివాడి చేతిలో పచారీ చిట్టీ పెట్టినట్టే.

ఈ మాట నాకు ఊరికే రాలేదు. తెనాలిలో అమ్మ రవికలు కుట్టే మెషిన్ పక్కన పెరిగాను. తర్వాత ఇంగ్లండ్‌లో నాటకాల దుస్తులు కుట్టే ఒక వర్క్‌రూమ్‌లో పదహారేళ్లు కట్టర్‌గా చేశాను. చేరిన కొత్తలో, 18వ శతాబ్దం కథ ఉన్న నాటకానికి ఒక నటికి స్టేస్ కుట్టమన్నారు. స్టేస్ అంటే కోర్సెట్‌కి ముందు తరం. పుస్తకంలో గ్రాఫ్ మీద గీసిన ప్యాటర్న్ చూసి, అచ్చం రవిక కుట్టినట్టే కుట్టాను. పై బట్ట, మధ్య కాన్వాస్, లోపలి లైనింగ్ మూడూ కలిపి కత్తిరించి, మూడూ కలిపి జాయింట్లు వేసి, చుట్టూ పైపింగ్ కొట్టి ముగించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ట్రయల్ రోజు ఆ అమ్మాయి చంక కింద ఏదో గుచ్చుకుంటోందంది. ఆ ఒక్క బోన్ (బట్టని నిలబెట్టడానికి లోపల దూర్చే సన్నటి పుల్ల) బయటికి తీయడానికి పైపింగ్ విప్పాను, జాయింట్ విప్పాను, లైనింగ్ విప్పాను. తెల్లవారింది.

కొన్ని నెలల తర్వాత ఒక మ్యూజియం స్టడీ రూమ్‌లో అసలుది చూశాను. లైనింగ్‌ని అన్నిటికన్నా చివర్న, పెద్ద పెద్ద కుట్లతో పైపైన తగిలించారు. మొదట 'ఇదేం పని, ఇంత నాసిగా' అనుకున్నాను. కాసేపటికి వెలిగింది. చెమటకి పాడైతే లైనింగ్ ఒక్కటే పీకేసి కొత్తది వేసుకుంటారు. లోపల బోన్ విరిగితే ఆ నాలుగు కుట్లు తెంపితే చాలు. మళ్లీ విప్పాల్సి వస్తుందని తెలిసే వాళ్లు అలా కుట్టారు.

మీరు 1880లతో మొదలుపెట్టారు, చాలామంది అక్కడే మొదలుపెడతారు. నా సలహా, నూరేళ్లు వెనక్కి వెళ్లి 18వ శతాబ్దపు స్టేస్ పట్టుకోండి. చేతిపని ఎక్కువ, నిజమే. కానీ కటింగ్ తేలిక, తప్పు చేస్తే ఎక్కడ చేశారో కంటికి కనబడుతుంది. 1880ల కోర్సెట్‌లో బట్ట, స్టీలు, మెషిన్ కుట్టు, ఆవిరి (దాని సంగతి కింద చెప్తాను) అన్నీ కలిసి పనిచేస్తాయి. ఏది చెడిందో పోల్చుకోవడం కొత్తవాళ్లకి కష్టం. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: మ్యూజియం వెబ్‌సైట్లలో 'కోర్సెట్' అని మాత్రమే వెతికితే సగం సరుకు దొరకదు. 16, 17 శతాబ్దాల వాటిని ఇంగ్లిష్‌లో 'పెయిర్ ఆఫ్ బాడీస్' అనేవాళ్లు, 18వ శతాబ్దంలో 'స్టేస్'. కోర్సెట్ అన్న మాట స్థిరపడింది 19వ శతాబ్దంలో.

స్టేస్ కటింగ్ ఎందుకు తేలికో చెప్తాను. వేరుశనగలు కట్టిచ్చే కాగితం పొట్లం చూడండి. చదునుగా ఉన్న కాగితాన్ని చుడితే పైన వెడల్పుగా, కింద సన్నగా ఆకారం వచ్చేస్తుంది. ఎక్కడా టక్ వేయనక్కర్లేదు. స్టేస్ ఆకారం అంతే: రొమ్ము దగ్గర వెడల్పు, నడుముకి వచ్చేసరికి సన్నం, మధ్యలో ఒంపు లేదు. రవిక కుట్టడం వచ్చినవాళ్లం టక్స్, కటోరీ, ప్రిన్సెస్ కట్ అంటూ రొమ్ము గుండ్రదనం ఎక్కడ దాచాలా అని చూస్తాం. స్టేస్‌లో ఆ ఆలోచనే లేదు. రొమ్ముకి విడిగా చోటు ఇవ్వరు, మొత్తాన్ని ఎత్తి పొట్లంలోకి సర్దుతారు. మరి నడుము కింద తుంటి దగ్గర వెడల్పు కావాలి కదా? అక్కడ కొత్త ముక్క అతకలేదు, కత్తెరతో నడుము గీత వరకు చీల్చారు. ఆ చీలికల మధ్య నాలుకల్లా వేలాడే ముక్కలు తుంటి మీద వాటంతట అవే విచ్చుకుంటాయి. ఇంగ్లిష్‌లో ట్యాబ్స్ అంటారు. చూడ్డానికి అలంకారంలా ఉంటాయి గానీ అది కట్టర్ తెలివి.

ఆ చీలికల చుట్టూ అంచు కట్టడం మాత్రం నరకం. సన్నటి తోలు పట్టీతో కట్టినవి మ్యూజియాల్లో చాలా కనిపిస్తాయి. తోలు ఎందుకా అని మొదట్లో అనుకునేదాన్ని. చీలిక మొదట్లో మూల తిప్పేచోట బట్ట పట్టీ ముడుచుకుని గుట్టలా లేస్తుంది, మెత్తటి తోలు సాగి ఒదిగిపోతుంది. ఇది చదివితే బుర్రకెక్కదు, ఒక్క చీలిక కుట్టి చూస్తే ఎక్కుతుంది.

ఇక కుట్టే వరస. ఒక్కో ముక్కకి లోపల రెండు పొరల దిట్టమైన నార బట్ట ఉంటుంది. కొన్నిట్లో అది గంజిలాంటి జిగురు పట్టించి బిగించిన బట్ట. మనం కాలర్లలో వేసే బక్రం లాంటిదే. ఆ పొరల మీద పై బట్ట వేసి, పక్కపక్కనే సన్నటి గొట్టాల్లా నిలువుగా, కొన్నిచోట్ల ఏటవాలుగా గీతలు కుడతారు. కుట్టు బ్యాక్‌స్టిచ్: సూది ఒక అడుగు వెనక్కి, రెండడుగులు ముందుకు. ఈ గీతల మధ్య దూరం చాలా స్టేస్‌లో 5, 6 మిల్లీమీటర్లే. ఒక్కో గొట్టంలోకి ఒక బోన్ దూర్చుతారు. బోన్ అనే కన్నా మన 'ఈనె' అన్న మాటే దీనికి బాగా నప్పుతుంది, కొబ్బరాకు ఈనె లాగా అది ఆకుని నిలబెట్టే పుల్ల కదా. అందుకని ఇక్కణ్ణించి ఈనె అనే రాస్తాను.

జాయింట్ వేసే తీరు చూస్తే రవిక కుట్టేవాళ్లకి ఆశ్చర్యం వేస్తుంది. రెండు ముక్కలని ఎదురెదురుగా పెట్టి లోపల మార్జిన్ వదిలి కుట్టరు. ప్రతి ముక్క అంచునీ విడిగా లోపలికి మడిచి కుట్టేసి పూర్తి చేస్తారు. ఆ పూర్తయిన అంచులు రెంటినీ ఆనించి, దిట్టమైన మైనం దారంతో చుట్టుకుట్టు వేస్తారు, గోనె సంచి మూతి కుట్టినట్టు. ఇంత గట్టి పొరలున్న బట్టని మామూలుగా జాయింట్ చేస్తే కుట్టు దగ్గర పొరలన్నీ లేచి ఒంటికి గుచ్చుకుంటాయి. చుట్టుకుట్టు అయితే కీలులా పనిచేస్తుంది, ఒంటితో పాటు కాస్త తిరుగుతుంది. చాలావాటిలో ఆ కీలు కనబడకుండా పైన సన్నటి పట్టీ ఒకటి వేస్తారు. ఆ తర్వాత అంచు, చిట్టచివర లైనింగ్. నేను మొదటిసారి చేసినదానికి సరిగ్గా తలకిందులు.

తాడు కట్టే రంధ్రాల సంగతి విడిగా చెప్పాలి, మీ ఐలెట్లు ఊడింది అక్కడే కాబట్టి. స్టేస్‌లో లోహపు ఐలెట్ లేదు. దబ్బనంతో గుచ్చి, పోగులని తెంపకుండా పక్కకి జరిపి, చుట్టూ కాజా కుట్టినట్టు దారం తిప్పుతారు. పోగు తెగలేదు కాబట్టి ఆ రంధ్రం చుట్టూ బట్ట బలం అలాగే ఉంటుంది. ఇంకో విషయం: పాత స్టేస్ వీపు ఫొటో జాగ్రత్తగా చూడండి. చాలావాటిలో ఎడమవైపు రంధ్రాలు, కుడివైపు రంధ్రాలు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. కుట్టినవాడు పొరపాటు పడలేదు. తాడు ఒక్కటే. కింద ముడి వేసి, మెలికలు తిరుగుతూ పైకి వెళుతుంది. బూటు లేసులా అడ్డదిడ్డంగా దాటదు. రంధ్రాలు అలా ఎగుడుదిగుడుగా ఉంటేనే బిగించినప్పుడు రెండు అంచులూ సమానంగా నిలుస్తాయి. సమానమైన ఎత్తులో కుట్టి ఒక్క తాడుతో కట్టి చూడండి, ఒక వైపు అంచు పైకి ఎక్కి కూర్చుంటుంది.

ఈ పని చేసినవాళ్లెవరో కూడా తెలిస్తే మంచిది. ఫ్రాన్స్‌లో 1675లో పద్నాలుగో లూయీ ఆడ కుట్టుపనివాళ్లకి సొంత సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చినా, ఈనెలు వేసిన బిగువు దుస్తులు కుట్టే పని మగ టైలర్ల చేతిలోనే మిగిలింది. ఇంగ్లండ్‌లోనూ స్టేస్ కత్తిరించేవాళ్లు ఎక్కువగా మగవాళ్లే. అమెరికా స్వాతంత్ర్య పోరాటాన్ని 1776లో తన కరపత్రంతో ఊపేసిన థామస్ పెయిన్ తన తండ్రి దగ్గర నేర్చుకున్న పని ఇదే. అప్పట్లో అంగుళాలు అచ్చేసిన టేపు లేదు. ఒక్కో మనిషికీ ఒక కాగితం పట్టీ, దాని మీద రొమ్ము చుట్టు ఇక్కడికి, నడుము ఇక్కడికి అని గాట్లు. 1769లో పారిస్‌లో గార్సో అనే ఆయన టైలర్ల పని మీద రాసిన గ్రంథంలో స్త్రీల, పిల్లల స్టేస్ కుట్టే విధానం బొమ్మలతో సహా ఉంది. ఫ్రెంచ్ రాకపోయినా బొమ్మలు చూడండి. ముక్కల మీద ఈనెల గీతలు ఏ దిక్కుకి వాలాయో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ ఈనెలు దేనితో చేశారన్నది కటింగ్‌ని నేరుగా తాకే ప్రశ్న. 'వేల్‌బోన్' అంటారు గానీ అది ఎముక కాదు. కొన్ని రకాల తిమింగలాలకి పళ్లు ఉండవు. పై దవడ నుంచి దువ్వెనలా వేలాడే పలకలతో నీటిని వడకట్టి తింటాయి. ఆ పలకల సరుకు మన గోళ్లకి, జుట్టుకి ఉన్న కెరటినే. ఉత్తర ధ్రువ సముద్రాల్లోని బోహెడ్ తిమింగలం పలకలు మూడు మీటర్లు దాటేవి. పోగుల వెంట చీల్చితే వెదురు దబ్బలా నిలువునా చీలుతుంది, అందుకే ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా తీసుకునేవాళ్లు. వేడి తగిలితే మెత్తబడి వంగుతుంది, చల్లారితే ఆ వంపు నిలుపుకుంటుంది. ఒంటి వేడికి కూడా మెల్లగా మనిషి ఆకారానికి వస్తుంది. గొడుగు పుల్లలు కూడా ఒకప్పుడు దీనితోనే చేసేవాళ్లు. ఇంత సన్నటి, తేలికైన ఈనె దొరికింది కాబట్టే వాళ్లు వాటిని పక్కపక్కనే పేర్చగలిగారు. అంత దగ్గరగా పేర్చి కుట్టాక బట్ట ఏ దిక్కుకీ సాగదు. క్రాస్‌లో, అంటే పోగులకి ఏటవాలుగా కత్తిరించిన ముక్క కూడా బిగుసుకుని ఉంటుంది.

19వ శతాబ్దంలో జరిగింది దీనికి పూర్తిగా వేరు. 1828లో లోహపు ఐలెట్ వచ్చింది. 1829లో జోస్లాన్ అనే ఫ్రెంచి ఆయన ముందువైపు రెండుగా విడిపోయే స్టీలు బస్క్‌కి (కోర్సెట్ ముందు భాగాన్ని నిలబెట్టే గట్టి పట్టీకి) పేటెంట్ తీసుకున్నాడు. ఒక పట్టీ మీద బుడిపెలు, రెండోదాని మీద వాటిని తగిలించే చీలికలు. అది అందరికీ చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది గానీ, చేరాక తొడుక్కోవడానికి వీపు తాడు మొత్తం విప్పనక్కర్లేకపోయింది. 1850ల తర్వాత కుట్టు మెషిన్. ఇవన్నీ కలిసి కటింగ్‌ని ఎటు తోశాయో చూడండి. ఐలెట్ గట్టిది కాబట్టి ఇంకా బలంగా లాగొచ్చు. లాగుడు పెరిగితే భారం నడుము గీత మీద పడుతుంది. ఈనెలు తగ్గాయి, వాటి బదులు బట్టే బరువు మోయాలి. అందుకే కుటిల్ అనే చిక్కటి, హెరింగ్‌బోన్ (చేప ముల్లులాంటి) నేత నూలు బట్ట కోర్సెట్ల బట్ట అయింది. ఆకారం కూడా పొట్లం నుంచి ఇసుక గడియారానికి మారింది. మొదట రొమ్ము దగ్గర, తుంటి దగ్గర త్రికోణం ముక్కలు దూర్చి ఆ ఒంపు తెచ్చారు. శతాబ్దం మధ్యకి వచ్చేసరికి ముక్కల అంచులనే ఒంపుగా కత్తిరించి జాయింట్లలో దాచడం ఎక్కువైంది. మన ప్రిన్సెస్ కట్ చేసే పని అదే.

ఇప్పుడు మీ కోర్సెట్. పాప్లిన్ ఆ లాగుడికి ఆగదు, మొదటి తప్పు అదే. రెండోది నా అనుమానం: బట్ట పొదుపు చేయడానికి ముక్కలని అటూ ఇటూ తిప్పి పరిచి ఉంటారు. మనందరికీ ఉన్న అలవాటే. కోర్సెట్‌లో ప్రతి ముక్కకీ నడుము గీత ఎక్కడుందో గుర్తుపెట్టి, ఆ గీతకి పడుగు నిలువుగా, పేక దాని వెంట అడ్డంగా ఉండేట్టు పరచాలి. కొంచెం వాలినా ఆ చోట బట్ట క్రాస్ అవుతుంది, లాగగానే సాగుతుంది, సాగినదంతా ముడతై కూర్చుంటుంది. అందుకే 19వ శతాబ్దం చివరి కోర్సెట్లు చాలావాటి లోపల నడుము చుట్టూ ఒక గట్టి నాడా పట్టీ ఉంటుంది. ప్యాటర్న్‌లో అది ఉండదు, లోపలి ఫొటో చూస్తేనే కనబడుతుంది.

ఐలెట్లు ఊడటానికి కారణం దాదాపుగా ఒకటే: ఐలెట్ సైజుకి సరిపోయే రంధ్రం పంచ్‌తో కొట్టడం. పంచ్ పోగులని తెంపేస్తుంది. దబ్బనంతో సగం సైజు రంధ్రం చేసి, బలవంతంగా విడదీసి ఐలెట్ దూర్చండి. వెనకాల వాషర్ ఉన్నవే వాడండి. ఐలెట్ల వరసకి రెండు పక్కలా ఒక్కో స్టీలు ఈనె తప్పకుండా ఉండాలి, లేకపోతే లాగుడంతా ఒక్కో రంధ్రం మీద విడివిడిగా పడుతుంది.

వీపు దగ్గర తాడు కట్టాక మిగిలే ఖాళీని కూడా చూడండి. కోర్సెట్‌ని పూర్తిగా మూసుకునేట్టు కట్టాలనేం లేదు, రెండంగుళాల ఖాళీ మామూలే. 'ఆమె నడుము 20 అంగుళాలట' అనే కథల్లో చాలావాటిలో కొలిచింది మూసేసిన కోర్సెట్‌ని, మనిషిని కాదు. ఖాళీ పైనుంచి కిందికి సమానంగా ఉంటే కొలతలు సరిపోయినట్టు. కింద ఎక్కువ విచ్చుకుంటే తుంటి దగ్గర చోటు చాలలేదు. మధ్యలో దగ్గరై పైనా కిందా విచ్చుకుంటే నడుముకి తప్ప మిగతా చోట్ల చోటు ఇవ్వడం మరిచిపోయారన్నమాట. మీరు ఫొటో పెట్టలేదు గానీ, ముడతలు అడ్డంగా ఉన్నాయంటే మీది ఈ మూడోది అయ్యుండొచ్చు. తుంటి ఇరుకైతే కోర్సెట్ పైకి జరిగి నడుము దగ్గర కుప్పగా చేరుతుంది.

ప్యాటర్న్ మీద గుడ్డి నమ్మకం వద్దని చెప్పడానికి ఇంకో మంచి కారణం ఉంది. 1868లో ఎడ్విన్ ఇజోడ్ అనే ఇంగ్లిష్ తయారీదారు ఆవిరితో అచ్చు వేసే పద్ధతి తెచ్చాడు. కుట్టిన కోర్సెట్‌కి తడి గంజి పట్టించి, లోహంతో చేసిన ఆడ మొండెం ఆకారానికి తొడిగి, ఆవిరితో వేడి చేసి ఆరేదాకా ఉంచేవాళ్లు. అంటే ఆ కాలపు కోర్సెట్ ఒంపులో కొంత కత్తెరది, కొంత గంజిది. అలాంటి కోర్సెట్‌ని కొలిచి గీసిన ప్యాటర్న్‌తో మీరు గంజీ ఆవిరీ లేకుండా కుడితే, ఫొటోలో ఉన్న ఆకారం రాదు. అది మీ చేతకానితనం కాదు.

మ్యూజియంకి వెళ్లలేనివాళ్ల మాట. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, జపాన్‌లోని క్యోటో కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్, మూడిటికీ ఆన్‌లైన్‌లో ఫొటోలున్నాయి. 19వ శతాబ్దానికి మాత్రం ఇంగ్లండ్‌లో లెస్టర్‌షైర్ కౌంటీ మ్యూజియాల దగ్గరున్న సిమింగ్టన్ సేకరణని మించింది లేదని నా అభిప్రాయం. మార్కెట్ హార్బరో అనే చిన్న ఊళ్లో కోర్సెట్లు తయారుచేసిన కంపెనీ తన సరుకునీ, పోటీవాళ్ల సరుకునీ దాచిపెట్టుకున్న సేకరణ అది. రాణుల కోర్సెట్లు కావు, ఫ్యాక్టరీలో వందల్లో కుట్టినవి. టైలర్లకి పనికొచ్చేవి అవే. ఎప్పుడైనా లండన్ వెళ్లే అవకాశం వస్తే, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ వాళ్లు 2025లో తెరిచిన వి అండ్ ఎ ఈస్ట్ స్టోర్‌హౌస్‌లో ముందుగా బుక్ చేసుకుంటే మీరు కోరిన వస్తువుని బయటికి తీసి చూపిస్తారు, డబ్బు తీసుకోరు.

ఫొటో ముందు కూర్చున్నప్పుడు అందంగా ఉన్నదాన్ని కాకుండా చిరిగినదాన్ని ఎంచుకోండి. చిరుగులోంచి లోపలి పొర కనబడుతుంది, ఈనె మొన బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, పాత కుట్టు విప్పి వదులు చేసిన గుర్తులుంటాయి. పెన్సిల్ తీసుకుని రాయండి: ముందు ఏది కుట్టారు, దాని మీదకి ఏది వచ్చింది? ఏ కుట్టు ఇంకో కుట్టుని దాటి వెళ్లింది? దాటినది తర్వాత కుట్టినది. ఈ ఒక్క సూత్రంతో సగం వరస తేలిపోతుంది. నేను ఒకసారి ఒక్క స్టేస్ ముందు మూడు గంటలు కూర్చుని తొమ్మిది వాక్యాలే రాశాను. ఆ తొమ్మిదీ ఇప్పటికీ పనికొస్తున్నాయి.

అసలు వస్తువు చేతికొస్తే దాన్ని విప్పకుండా ప్యాటర్న్ తీయాలి. ప్రతి ముక్క మీదా నిలువుగా వెళ్లే ఒక పడుగు పోగుని కంటితో ఎంచుకుని, కాగితం మీద అదే గీత గీసి, రెండేసి సెంటీమీటర్లకి ఒకసారి ఆ గీత నుంచి ముక్క అంచు దాకా ఎంత దూరమో కొలవండి. చుక్కలు కలిపితే ముక్క ఆకారం వచ్చేస్తుంది, పడుగు ఎటుందో కూడా దానితోనే వస్తుంది. కుడి, ఎడమ రెండూ విడిగా కొలవండి. ఒకేలా ఉండవు, ఉండాల్సిన అవసరమూ లేదు, మనిషి ఒళ్లు కూడా అలాగే ఉంటుంది కదా. మొదట మీ అమ్మగారి పాత రవిక మీద సాధన చేయండి.

పుస్తకాల్లో రెండే చెప్తాను. 1954లో నోరా వా రాసిన 'కోర్సెట్స్ అండ్ క్రినోలిన్స్' మొత్తం చరిత్ర ఒక దారిలో చూపిస్తుంది, ప్యాటర్న్‌లు చిన్నవి. లోతుకి వెళ్లాలంటే లండన్‌లోని స్కూల్ ఆఫ్ హిస్టారికల్ డ్రెస్ వాళ్లు 2018లో తెచ్చిన 'ప్యాటర్న్స్ ఆఫ్ ఫ్యాషన్ 5'. 1595 నుంచి 1795 దాకా స్టేస్‌లాంటివి ఎక్కువగా అందులో ఉన్నాయి. విప్పడానికి వీల్లేనివాటి లోపలి ఈనెలని ఎక్స్‌రే తీసి చూపించారు. ఖరీదు ఎక్కువ, కాలేజీ లైబ్రరీ చేత కొనిపించండి.

సరుకుకి విదేశాలు చూడనక్కర్లేదు. నమూనాకి గాడా బట్ట, అసలుదానికి గట్టి డ్రిల్ గానీ సన్నటి కాన్వాస్ గానీ సరిపోతుంది. తిమింగలం పలకలు మన చట్టం ప్రకారం కొనకూడదు, అమ్మకూడదు, వాటి జోలికి పోకండి. పెళ్లి గౌన్లలో వేసే, మీటర్ లెక్కన అమ్మే ప్లాస్టిక్ బోనింగ్ మాత్రం వద్దు, చుట్ట నుంచి తీసిన వంపు పోదు, ఒంటి మీద ఇంకోవైపు వంకర తిరుగుతుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు కొనండి. తల కత్తిరించి, మొనలు గోళ్ల ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి. వేల్‌బోన్‌కి చవకలో దగ్గరగా వచ్చేది ఇదే. తాడుకి లంగా నాడా. ఇస్త్రీ మాత్రం ఆ కేబుల్ టైల మీద పెట్టకండి, నేను పెట్టి చూశాను.

మొత్తం స్టేస్ కుట్టాలని కూర్చోకండి, ఒక సగం చాలు. ముందు మధ్య నుంచి వెనక మధ్య దాకా, ఎడమవైపు ఒక్కటే, నిజమైన సైజులో, మెషిన్ లేకుండా. రోజుకి గంట కూర్చుంటే రెండు నెలలు పడుతుంది. బ్యాక్‌స్టిచ్ గీతలు నలభై దాటాక మీకే అర్థమవుతుంది, ఈ పనివాళ్లు ఈనెలని ఎందుకు అలా ఏటవాలుగా వేశారో.

పాడైపోయిన ఆ 1880ల కోర్సెట్‌ని పారేయకండి. కుడివైపు సగం అలాగే ఉంచండి. ఎడమవైపు సగం కుట్లన్నీ విప్పి, ముక్కలని లాగకుండా మెల్లగా తడిపి ఆరబెట్టి, మీ అసలు ప్యాటర్న్ కాగితం మీద పరిచి చూడండి. కాగితం కన్నా పెద్దదైన ముక్క ఏదో, ఏ అంచు దగ్గర పెరిగిందో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. ఆ ఫొటో, వీపు ఖాళీ కనబడే ఫొటో ఒకటి, రెండూ ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.